కొస దొరకని దారం

భీమవరంలో కొన్నాం, లేసు సొసైటీ డబ్బుతో.
నరసాపురం దాకా బస్సులో ఒళ్ళోనే పెట్టుకుని తెచ్చాను.
సువార్తమ్మ ప్రార్థన చేసింది,
నూకరత్నం మూత మీద పసుపుబొట్టు పెట్టింది,
ఇద్దరి దేవుళ్ళూ ఒప్పుకున్నాకే
నేను మీట నొక్కాను.

తెర వెలిగింది.
మాకంటే ముందే లోపల ఒకడు కూర్చుని ఉన్నాడు.

"మీ కంప్యూటరు ప్రమాదంలో ఉంది" అన్నాడు,
ఇంకా ఎవరి చెయ్యీ పడని కంప్యూటరులోంచి.
ముప్పై రోజులు ఊరికే కాపలా కాస్తాడట,
ఆపైన ఏడాదికింత.
ఎర్ర డాలు, దాని మీద తెల్ల టిక్కు.

షాపు కుర్రాడికి ఫోను చేస్తే
"యాంటీవైరస్సండి, ఫ్రీయే కదండి,
ఉండనియ్యండి, మిమ్మల్నేం తింటాదండి" అన్నాడు.
తింటోంది బాబూ.
అరవై రెండు మంది కూలీ పట్టీ తెరవబోతే
గుర్రపుడెక్క పట్టిన కాలవలో నాటుపడవలా
ఒక్కో అంకె ఆగి, ఆయాసపడి, కదులుతోంది.

శనివారం సాయంత్రం తీసేద్దామని కూర్చున్నాను.
పెద్ద పచ్చ బొత్తాం: ఉంచుకుంటాను.
దాని కింద బూడిదరంగులో, చీమ తలకాయంత:
అయినా తీసేస్తాను.
ఆ "అయినా"లో ఎంత నిష్ఠూరం!
నొక్కాను. ఎందుకని అడిగాడు.
ఆరు కారణాలు తనే రాసి ఒకటి ఎంచుకోమన్నాడు,
ధర ఎక్కువా, ఇంకొకడు దొరికాడా, అర్థం కాలేదా.
నా కారణం ఆ ఆరింటిలో లేదు.
నేను పిలవలేదు, అంతే.
అది రాయడానికి గడి లేదు.

ఆర్పి మళ్ళీ వెలిగించమన్నాడు.
వెలిగించాను.
డాలు అక్కడే ఉంది, మొహం కడుక్కొచ్చినట్టు.

మూడుసార్లు.

మా పనిలో ఇలా ఉండదు.
ఎంత పెద్ద బల్లగుడ్డయినా సరే, తప్పు పడిందా,
సూది తీసి కొస పట్టుకుని లాగితే
వరస వెంట వరస పటపటా విడిపోతుంది,
పది రోజుల పని పది నిమిషాల్లో వట్టి దారం.
అల్లడం నేర్పిన చెయ్యే మాకు విప్పడమూ నేర్పింది.
వీణ్ణి అల్లినవాడెవడో
కొసని లోపలికి దోపేశాడు.

"కొన్నది మనం కదా," నూకరత్నం అడిగింది,
"లోపలున్నది మరి ఎవరి మనిషి?"
సువార్తమ్మ కళ్ళద్దాలు పైకి తోసుకుంది.
"ఎనకటి ఏజెంటు దారం తూచేప్పుడు
అట్టగొట్టం కూడా తూకంలో కలిపేవోడు.
దారానికి డబ్బులు, గొట్టానికీ డబ్బులు.
గొట్టం తిరిగిస్తానంటే మాత్రం పుచ్చుకునేవోడు కాదు."

ఆదివారం ఆరాధన అయ్యాక
ఆవిడ మేనల్లుడు ప్రభుదాసు వచ్చాడు,
రొయ్యల ప్లాంటులో కంప్యూటర్లు చూసేవాడు.
"వీణ్ణి తియ్యడానికి వీడి కంపెనీయే వేరే మందిస్తుందక్కా,
అడిగినోళ్ళకే ఇస్తుంది. ఎవరడుగుతారు?"
తన ఫోను నెట్టుతో దించాడు.
తెర నల్లబడింది, అక్షరాలు అడ్డదిడ్డంగా లావెక్కాయి,
రెండు టీలు తాగేంతసేపు పట్టింది.
వాడు పోయాడు.
వాడి పేరుతో ఒక ఖాళీ సంచి మాత్రం మిగిలింది,
ఎంత చెరిపినా చెరగలేదు.
"పోనియ్యక్కా, దానికి బరువేముంది."

విప్పిన దారానికి మెలికలు పోవు.
తడిపి, ఇటుక కట్టి, రాత్రంతా వేలాడదీసినా
ఏ చోట ముడి ఉండేదో దానికి గుర్తే.
అలాంటిదాన్ని మేం పారెయ్యం,
అంచుకి పెట్టకుండా
లోపలి పువ్వుల్లో కలిపేస్తాం.

పట్టీ తెరిచాను. గబుక్కున తెరుచుకుంటే
అలవాటు తప్పి ఉలిక్కిపడ్డాను.
బొక్కా నూకరత్నం, గుండ్రటి డాయిలీలు పద్దెనిమిది,
అని కొడుతుంటే
ఆవిడ నా భుజం మీదుగా వంగి
తన పేరు కాసేపు చూసుకుంది.
"నన్నెన్ని రోజులకి పెట్టావే?" అంది.